అయినా చెప్పాల్సింది

మొన్న నవంబరులో ఒక రాత్రి భువనేశ్వర్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. డిసెంబరు సెలవుల్లో రాజస్థాన్ చూసి రావడానికి టిక్కెట్లు తీసుకున్నారు. ప్రయాణం ఇంకా మూడు వారాలుంది. ఇంతలో మనవడి బడిలో పిల్లలకి వరసగా జ్వరాలు, దగ్గులు. "నాన్నా, వీణ్ణి ఈ మూడు వారాలూ బడి మాన్పించెయ్యనా? ఎదురింటి పిల్లాడి పుట్టినరోజుకి కూడా పంపకుండా ఉంటే నయమేమో. వీడికి ఏదైనా అంటుకుందంటే ప్రయాణమంతా పాడైపోతుంది" అంది.

తల్లి అడగవలసిన ప్రశ్నే అది. నేను మాత్రం వెంటనే జవాబు చెప్పలేక, "రేపు మాట్లాడతానమ్మా" అని ఫోన్ పెట్టేశాను. జవాబు తెలియక కాదు. ఆ జవాబు చెప్పే అర్హత నాకుందా అన్నది తేల్చుకోడానికి ఆ రాత్రంతా పట్టింది.

నేను డాక్టర్ని కాను, వేదాంతం చదివినవాణ్ణి అంతకంటే కాను. ఖల్లికోట కాలేజీలో బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, ఇంకో రెండేళ్ళలో రిటైరు కాబోతున్న బరంపురం తెలుగువాణ్ణి. లెక్కలు తప్ప ఇంకేదీ సక్రమంగా నేర్చుకోలేదు. ఇక్కడ చెప్పబోయేది కూడా ఒక లెక్కే. ఇరవై ఏళ్ళు దాటినా టాలీ కాని లెక్క.

మనలాంటివాళ్ళకి సెలవుల ప్రయాణం అంటే ఏమిటో ఈ పత్రిక చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది. మనుషులం ఉన్నచోటనే ఉన్నాం. చుట్టాల్లో సగంమంది అటు ఉండిపోయారు. బళ్ళో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు, బజారులో రెండూ మూడూ కలిపి, ఇంట్లో తెలుగు. పిల్లలకి తెలుగు అనేది అమ్మానాన్నల భాష మాత్రమే కాదు, ఊరంతా మాట్లాడుకునే భాష అని తెలియాలంటే ఏడాదికోసారైనా రైలెక్కి ఇచ్ఛాపురం దాటాలి. మేనత్తలనీ పెదనాన్నలనీ ముఖాముఖి చూడాలి. అంచేత మనకి సెలవు ప్రయాణం ఒట్టి షికారు కాదు. అది ఆగిపోతే ఒక ఏడాది బంధుత్వం ఆగిపోయినట్టే. ముందే ఈ మాట చెప్పడం ఎందుకంటే, ప్రయాణం మానుకోవడం సులువని నేను అనుకోవడం లేదని మీకు తెలియాలి.

2001 డిసెంబరు సంగతి. అమ్మాయికి ఏడేళ్ళు, అబ్బాయికి నాలుగు. బ్యాంకువాళ్ళకి ఎల్.ఎఫ్.సి. అని ఒక సదుపాయం ఉంది. కుటుంబంతో ప్రయాణం చేసివస్తే బ్యాంకు ఛార్జీలిస్తుంది. దానికి నాలుగేళ్ళ బ్లాకని లెక్క. నా బ్లాకు ఆ నెలాఖరుతో ముగుస్తోంది. అప్పటికి వాడుకోకపోతే పోయినట్టే. బ్రాంచిలో నా సీటుకి మనిషిని వెతికి, మేనేజరుగారిని బతిమాలి, పన్నెండు రోజులు సెలవు శాంక్షన్ చేయించుకున్నాను. ముందు విజయనగరంలో మా మేనత్త ఇంట్లో రెండు రోజులు, అక్కణ్ణుంచి బెంగుళూరు, మైసూరు, ఊటీ. నా కుటుంబానికి అదే మొదటి పెద్ద ప్రయాణం.

బయలుదేరడానికి పదిహేను రోజుల ముందు నుంచే మా ఇంట్లో కట్టుబాట్లు మొదలయ్యాయి. ఐస్‌క్రీములు బంద్. పెరుగు మధ్యాహ్నం మాత్రమే. తలంట్లు లేవు. సాయంత్రం నాలుగయ్యేసరికి మంకీ క్యాపులు. రాత్రి మిరియాలు, పసుపు వేసిన పాలు. పక్కింటి ఒడియావారి అబ్బాయి మా అమ్మాయితో రోజూ ఆడుకునేవాడు. వాడికి ముక్కు కారుతోందని తెలిసి తలుపు గడియ పెట్టుకున్నాం. వాడు తలుపు కొట్టి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయేవాడు. మా అమ్మాయి కిటికీలోంచి చూసేది.

మా పనిమనిషి కూతురికి దగ్గు పట్టుకుంది. ఆమె ఆ పిల్లని వెంటబెట్టుకుని వచ్చేది, ఇంట్లో చూసుకునేవారు లేక. "మేము ఊరినుంచి వచ్చేదాకా నువ్వు పనిలోకి రావద్దు" అని నేనే చెప్పాను. నెలకి 300 రూపాయల జీతం. మేము ఊళ్ళో ఉండి కూడా ఆమెని రావద్దన్న పదిహేను రోజులకి 150 కోసేశాను. పని చెయ్యని రోజులకి జీతమేమిటని ఆనాడు నా లెక్క. "నా పిల్లకి దగ్గొస్తే నాకు కూలి పోవాలా బాబూ?" అంది ఆమె. దెబ్బలాటగా అనలేదు, నిజంగానే అడిగింది. నేను వినపడనట్టు లోపలికి వచ్చేశాను.

ఇన్ని చేసినా ప్రయాణం ముందురోజు సాయంత్రం అమ్మాయికి జ్వరం తగిలింది. 101 డిగ్రీలు. గొంతు నొప్పి, ఒళ్ళు నొప్పులు, వణుకు. డాక్టరుగారు చూసి, "ఫ్లూలా ఉంది. భయం లేదు గానీ నాలుగైదు రోజులు కదిలించకండి" అన్నారు. ఇంటికొచ్చి నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎవరం నోరు తెరవలేదు. మర్నాటికి సర్దుకున్న పెట్టెలు గుమ్మం దగ్గరే ఉన్నాయి. పారాసిటమాల్ వేశాం. జ్వరం దిగింది. "దిగింది కదా" అన్నాను. ఆమె ఔనంది. మర్నాడు సాయంత్రం కోణార్క్ ఎక్కేశాం.

మా ఎదుటి బెర్తులో చంటిపిల్లతో ఒకావిడ కూర్చుని ఉంది. పిల్లకి అయిదారు నెలలుంటాయేమో. మా అమ్మాయి ఊరుకోలేదు, ఆ చంటిదాని చెయ్యి పట్టుకుని ఆడించింది. మధ్యలో దగ్గింది. ఆవిడ "పాపకి బాగోలేదాండీ?" అని అడిగింది. నేను తడుముకోకుండా, "ఏసీ పడలేదండీ" అన్నాను.

విజయనగరంలో మేనత్త గుమ్మంలో అడుగుపెట్టగానే అదే మాట. "పిల్ల వాడిపోయిందేమిట్రా?" అంటే "ప్రయాణం బడలిక అత్తా, ఏసీ పడలేదు" అన్నాను.

ఈ మేనత్త గురించి రెండు మాటలు. ఆమె పెళ్ళయిన కొత్తలో బరంపురంలోనే ఉండేది. నన్ను వేసినది ఒడియా బడిలో. సాయంత్రాలు వీధి అరుగుమీద పలక పెట్టి నాకు తెలుగు ఓనమాలు దిద్దించినది ఆమె. ఇవాళ నేనీ వ్యాసం తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆ అరుగు పుణ్యమే. 2001 నాటికి ఆమెకి డెబ్బై ఒకటి. ఉబ్బసం మనిషి. అయినా రోజూ నడిచి పైడితల్లమ్మ గుడికి వెళ్ళివచ్చేది. ఆ రాత్రి మా అమ్మాయికి తన కంచంలోనే కలిపి ముద్దలు పెట్టింది, తన పక్కలోనే పడుకోబెట్టుకుంది. నేను చూస్తూ ఊరుకున్నాను.

అమ్మాయి మైసూరు చేరేసరికి లేడిపిల్లలా తయారైంది. ఊటీలో పిల్లలిద్దరినీ గుర్రమెక్కించాం. ఫోటోలు బాగా వచ్చాయి. ఊటీలో ఎస్.టి.డి. బూతు నుంచి విజయనగరం చేస్తే మా బావ ఎత్తాడు. అత్తయ్యని ఆసుపత్రిలో చేర్చారు. మొదట జలుబన్నారు, తర్వాత జ్వరం, తర్వాత న్యుమోనియా. ఆక్సిజన్ పెట్టారు.

తిరుగుప్రయాణంలో మా ఆవిడనీ పిల్లల్నీ బరంపురం పంపించి నేను విజయనగరంలో దిగిపోయాను. అప్పటికి ఆక్సిజన్ తీసేశారు. నన్ను చూడగానే ఆమె మొదట అడిగిన మాట: "పాపకి తగ్గిందా?"

"దేనికత్తా?" అన్నాను. అప్పటికీ దాచబోయాను చూడండి.

"ఆ రాత్రి దాని ఒళ్ళు పెనంలా కాలిపోయిందిరా. తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. మీరు అలిసిపోయి పడుకున్నారని లేపలేదు." కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అంది: "నువ్వు చెప్పినా దాన్ని నా పక్కలోనే పడుకోబెట్టుకునేదాన్ని. అయినా చెప్పాల్సింది."

కోపం లేదు ఆ మాటలో. తర్వాత కాఫీ తాగావా అని అడిగింది. ఆమె ఆ గండం గట్టెక్కి ఇంటికొచ్చింది గానీ మళ్ళీ గుడిదాకా నడవలేదు. 2004లో పోయింది.

ఇదీ జరిగింది. ఇప్పుడు లెక్క చూద్దాం.

మొదటి ప్రశ్న, మేము తీసుకున్న జాగ్రత్తలు సరైనవేనా అన్నది. ఇది తర్వాత్తర్వాత చదివి తెలుసుకున్నాను. జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకి పైగా ఉన్నాయి. ఫ్లూ వాటిలోది కాదు, దాని జాతి వేరు, దాని బలం వేరు. చిన్నపిల్లలకి ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చెయ్యడం మామూలు. ఇంగ్లండులో సాలిస్‌బరీ దగ్గర 1946లో జలుబు మీద పరిశోధనకే ఒక కేంద్రం పెట్టారు. నలభై ఏళ్ళకి పైగా నడిచింది. అక్కడికి స్వచ్ఛందంగా వచ్చేవారికి పదిరోజులు ఉచితంగా బస, భోజనం, కొద్దిగా చేతిఖర్చు. చాలామంది దాన్ని సెలవు విడిదిగానే భావించి వచ్చేవారట. మనం జలుబు వస్తే సెలవు పాడవుతుందని భయపడతాం, వాళ్ళు జలుబు ఎక్కించుకోడానికి సెలవుకి వెళ్ళారు! అక్కడ కొందరిని స్నానం చేయించి, తడితో, గాలి వీచే వసారాలో నిలబెట్టి చూశారు. ఒట్టి చలివల్ల జలుబులు పెరిగినట్టు వాళ్ళకి కనబడలేదు. 2005లో కార్డిఫ్‌లో చన్నీళ్ళలో కాళ్ళు పెట్టించి చేసిన పరీక్షలో మాత్రం జలుబు లక్షణాలు ఎక్కువమందికి కనబడ్డాయి. అంచేత పెద్దవాళ్ళ మాటని బొత్తిగా కొట్టెయ్యనక్కరలేదు. కానీ వైరస్ లేనిదే జలుబు లేదు, అది వచ్చేది మనిషి నుంచి మనిషికి. ఐస్‌క్రీము ఆపి, చేతులు కడిగించకపోవడం దొడ్డితలుపు వేసి వీధితలుపు తెరిచిపెట్టడం లాంటిది.

పని చేసే జాగ్రత్తలు కొద్ది, చవక. బడినుంచి రాగానే, తినేముందు, ముక్కు చీదాక సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు రుద్ది కడగడం. కళ్ళూ ముక్కూ ఊరికే తడమకుండా అలవాటు చెయ్యడం. తువ్వాలు, నీళ్ళసీసా ఎవరివి వాళ్ళవే. కిటికీలు తెరిచి ఉంచడం, కంటినిండా నిద్ర. ఫ్లూకి టీకా ఉంది. వైరస్ మారుతూ ఉంటుంది గనుక టీకానీ ఏటేటా సవరిస్తారు, ఏటేటా వేయించుకోవాలి. వేయించాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. చిన్నపిల్లలకి మొట్టమొదటిసారి అయితే నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు. అంటే ప్రయాణానికి నెలన్నర ముందే డాక్టరుని అడగాలి, పెట్టె సర్దేటప్పుడు కాదు. ఇంట్లో మిగిలిపోయిన యాంటిబయాటిక్ మందు వైరస్ మీద పని చెయ్యదు. జ్వరానికి పిల్లలకి యాస్పిరిన్ వెయ్యకూడదు. ఆయాసపడినా, ఎగశ్వాస పట్టినా, నీళ్ళు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా ప్రయాణం మాట మరిచిపోయి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇన్ని చేసినా రావచ్చు. అక్కడినుంచే అసలు ప్రశ్న మొదలవుతుంది. మా ఇంటి పదిహేను రోజుల కట్టుబాట్లన్నీ ఒకే వైపు చూసినవి: ఎవరినుంచీ మా పిల్లలకి రాకూడదు. మా పిల్లలనుంచి ఎవరికీ పోకూడదు అన్న రెండో వైపు నా పుస్తకంలో లేనేలేదు. జమ కాలమ్ రాసి ఖర్చు కాలమ్ ఖాళీగా వదిలేసిన గుమస్తాని నేనైతే ఉద్యోగంలో ఉంచను. పక్కింటి పిల్లాడి ముక్కుకి తలుపు వేశాను. నా బిడ్డ జ్వరాన్ని చంటిపిల్ల పక్కన కూర్చోబెట్టాను.

ఫ్లూ సోకినవాళ్ళు జ్వరం కనబడటానికి ఒకరోజు ముందునుంచే ఇతరులకి అంటించగలరు. ఆ తర్వాత అయిదు నుంచి ఏడు రోజులదాకా. పిల్లలు ఇంకా కొన్ని రోజులు. పారాసిటమాల్ వేడిని దించుతుంది గానీ వైరస్‌ని కాదు. మార్చి 31న డిపాజిట్లు పెంచి చూపించి ఏప్రిల్ మొదట్లో వెనక్కి ఇచ్చేసే విద్య బ్యాంకుల్లో పాతదే. ఆ మాత్రతో నేను చేసినదీ అలాంటిదే. థర్మామీటరుకి నచ్చచెప్పాను.

ఇక్కడ కొన్ని ఆక్షేపణలున్నాయి. అవన్నీ నాకు నేను ఏళ్ళతరబడి చెప్పుకున్నవే.

మొదటిది: అత్తయ్యకి మా అమ్మాయి నుంచే వచ్చిందని రుజువేమిటి? గుళ్ళో రావచ్చు, పాలవాడి నుంచి రావచ్చు. నిజమే, రుజువు లేదు. ఇకముందూ దొరకదు. చాలాకాలం ఈ మాట నన్ను నిద్రపుచ్చింది. కానీ బ్యాంకు బ్యాలెన్సు షీటులో కంటింజెంట్ లయబిలిటీస్ అని ఒక షెడ్యూలు ఉంటుంది. ఇచ్చిన గ్యారంటీలు, కోర్టులో ఉన్న దావాలు. అవి బాకీలుగా మారవచ్చు, మారకపోవచ్చు. మారవేమో అని రాయకుండా వదిలేస్తే ఆడిటరు ఊరుకోడు. బాకీ పడతానో లేదో తెలియనంత మాత్రాన చెప్పే బాధ్యత పోదు. తెలియదు గనుకనే చెప్పాలి.

రెండోది కాస్త కష్టమైనది. చెప్పినా పక్కలో పడుకోబెట్టుకునేదాన్నని ఆమే అంది కదా? చెప్పినా చెప్పకపోయినా జరిగేది అదే అయినప్పుడు తేడా ఏమిటి? దీనిమీద చాలా ఆలోచించాను. ఒక ఖాతాదారుడు క్యాషియరుకి స్నేహితుడు. అడిగితే వెయ్యి రూపాయలు తప్పకుండా ఇచ్చే మనిషి. అడగకుండా ఆ వెయ్యీ అతని ఖాతాలోంచి తీసుకుని, ఎంక్వయిరీలో "అడిగితే ఇచ్చేవాడే" అంటే ఏ అధికారీ ఒప్పుకోడు. ఇచ్చేవాడే కావచ్చు. కానీ ఆ ఇవ్వడం అతని సొమ్ము. మా అత్తయ్య తన ఉబ్బసాన్నీ తన వయసునీ తెలిసి, మనవరాలి కోసం ఆ ప్రమాదాన్ని నెత్తిన వేసుకునే ఉండేది. అది ఆమె ప్రేమ, ఆమె ఖాతాలోది. నేను దాన్ని ఆమెకి తెలియకుండా డ్రా చేసుకున్నాను. పైగా చెప్పి ఉంటే ఆమె మందులు దగ్గర పెట్టుకునేది, జలుబు మొదలైన రోజునే డాక్టరుకి చూపించేవారు. రైల్లో ఆవిడయితే బెర్తు మార్చుకునేది. ఆ చంటిపిల్లకి ఏమైందో, ఏమీ కాలేదో, నాకు ఎప్పటికీ తెలియదు. అత్తయ్య సంగతి కన్నా అదే కొన్ని రాత్రులు ఎక్కువ బాధిస్తుంది.

మూడో ఆక్షేపణ లోకం చెప్పేది: ప్రతి తుమ్ముకీ ఇంట్లో కూర్చుంటే బతుకు సాగుతుందా? సాగదు. ఏడాదికి ఎనిమిది జలుబుల పిల్లవాణ్ణి ఎనిమిదిసార్లు గదిలో పెట్టలేం. నేను చెప్పేది అంత దూరం పోదు. ముక్కు కారడం వేరు, 101 డిగ్రీల జ్వరం వేరు. ఎక్కడికి వెళుతున్నామన్నది కూడా చూడాలి. వెళ్ళే ఇంట్లో చంటిపిల్లలు, నిండుచూలాలు, ముసలివారు, ఉబ్బసం, చక్కెర జబ్బు ఉన్నవారు ఉంటే మన జలుబు వాళ్ళకి జలుబుగా మిగలకపోవచ్చు. జ్వరమైతే ఆగాలి. ఒట్టి జలుబైతే చెప్పి వెళ్ళాలి. ఇంతకంటే పెద్ద సూత్రం నాదగ్గర లేదు.

కానీ ఆగడానికీ ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎవరిదన్నది నాలుగో ప్రశ్న. దీన్ని నేను అడగలేదు, మా పనిమనిషి అడిగింది. జ్వరాలు ఊళ్ళు దాటడం మనకి కొత్త కాదు. 1918లో ఫ్లూ బొంబాయి రేవులో దిగి రైళ్ళవెంట దేశమంతా పాకింది, కోటిమందికి పైగా పోయారు. 2020లో మళ్ళీ చూశాం. సూరత్ మిల్లుల నుంచి మా గంజాం జిల్లావాళ్ళు వేలకొద్దీ ప్రత్యేక రైళ్ళలో తిరిగివచ్చారు. బడుల్లో, పంచాయతీ భవనాల్లో క్వారంటైన్. ఆ గడువు పూర్తి చేసినవారికి 2,000 రూపాయలు ఇస్తామని ఒడిశా ప్రభుత్వం ప్రకటించింది. అందులో చాలినంత ఉందా అన్నది వేరే మాట. నాకు నచ్చినది ఆ సూత్రం: అందరి మేలుకోసం నువ్వు ఆగమన్నప్పుడు ఆగినందుకు నీ చేతిలో ఏదో పెట్టాలి. దూరంగా ఉండమన్నవాడే దూరం ఖరీదు భరించాలి. 2001లో నేను నా పిల్లల క్షేమం కోసం ఒకామెని ఇంట్లో ఉండమన్నాను. ఆ క్షేమం ఖరీదు 150 రూపాయలు ఆమె దగ్గర వసూలు చేశాను. ఊటీలో గుర్రాలవాడికి అంతకంటే ఎక్కువ ఇచ్చాను.

జ్వరం వచ్చిన గుమస్తాకి సెలవివ్వని మేనేజరూ, ఒక్కరోజు కూడా మానని పిల్లకి బహుమతి ఇచ్చే బడీ ఇదే తప్పు చేస్తున్నాయి. జ్వరం దాచుకున్నవాడికి లాభం, చెప్పినవాడికి నష్టం అయ్యేలా లెక్క రాస్తే జనం దాచుకోక ఏం చేస్తారు? నేనే మేనేజరునయ్యాక దగ్గుతూ వచ్చినవాళ్ళని ఇంటికి పంపేవాణ్ణి. అది నా గొప్ప కాదు, పాత బాకీలో వాయిదా.

మర్నాడు అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. బడి మాన్పించకు, మూడు వారాల చదువూ ఆటా పోగొట్టి కొనుక్కునేది ఏమీ లేదు. పుట్టినరోజుకి పంపు. చేతులు కడిగించు. పోయినేడు టీకా వేయించావు కదా, ఈ ఏటిది ఈ వారంలోనే వేయించు, సరిగ్గా సరిపోతుంది. టిక్కెట్లు రద్దు చేస్తే ఎంత పోతుందో ఇప్పుడే చూసి, ఆ డబ్బు పోయిందనే అనుకో. అప్పుడు ముందురోజు జ్వరమొస్తే నిర్ణయం సులువవుతుంది. మేము పెట్టెలు గుమ్మంలో పెట్టుకుని నిర్ణయించాం, అంచేత పెట్టెలే నిర్ణయించాయి.

"మీరెప్పుడు?" అంది అమ్మాయి.

అప్పుడు మొత్తం చెప్పాను. ఇన్నేళ్ళూ చెప్పకపోవడానికి కారణం ఉంది. మామ్మ జబ్బు తనవల్లే వచ్చిందని అది బాధపడుతుందని భయం. ఏడేళ్ళ పిల్లకి జ్వరం రావడం తప్పు కాదు, తప్పంతా పెద్దవాడిదని ముందే చెప్పి మొదలుపెట్టాను. అది అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

"మామ్మ తడిగుడ్డ వెయ్యడం నాకు లీలగా గుర్తుంది నాన్నా. ఇంకోటి బాగా గుర్తుంది. ఎవరడిగినా ఏసీ పడలేదని చెప్పమన్నావు. రైల్లో ఆ ఆంటీ నన్నూ అడిగింది. నేనూ అలాగే చెప్పాను."

ఆ సంగతి నాకు గుర్తు లేదు. చెప్పమన్నానని కూడా గుర్తు లేదు. ఆ ప్రయాణంలో ఎవరినుంచి ఎవరికి ఏమి అంటుకుందో లెక్క వేస్తూ ఇరవై ఏళ్ళకి పైగా గడిపాను. నానుంచి నా బిడ్డకి అంటుకున్నదాన్ని మాత్రం ఆ లెక్కలో రాయలేదు.

వాళ్ళు రాజస్థాన్ వెళ్ళివచ్చారు. బయలుదేరిన రోజున మనవడికి కాస్త ముక్కు కారింది, జ్వరం లేదు. రైలెక్కగానే అమ్మాయి ఎదుటి బెర్తుల వృద్ధదంపతులతో, "వీడికి జలుబుగా ఉందండీ, మీకు ఇబ్బందైతే బెర్తులు మార్చుకుంటాం" అని చెప్పిందట. ఆ పెద్దాయన నవ్వి, "మాకూ మనవలున్నారమ్మా" అని కిటికీ వైపు జరిగి, మనవడికి మాస్కు పెట్టమన్నారట. దారిపొడుగునా వాడితో కబుర్లు చెబుతూనే ఉన్నారట.

ఆ పనిమనిషి కుటుంబం తర్వాత మా పేట వదిలి వెళ్ళిపోయింది. ఎక్కడుందో నేను కనుక్కోలేదు. ఆ 150 రూపాయలు ఇంకా నా పేరునే ఉన్నాయి.